వచ్చేసారి నడక రాత్రిపూట పెట్టండి

సంపాదకుడు గారికి,

తలదాచుకోను చోటులేనివాళ్ల కోసం ఆదివారం పొద్దున్న విశాఖ బీచ్ రోడ్డులో జరిగిన విరాళాల నడకలో నేనూ పాల్గొన్నాను. కాళీమాత గుడి దగ్గర బయల్దేరి వుడా పార్కు దాకా నడిచాం. చంటిపిల్లల్ని ఎత్తుకుని కూడా వచ్చారు. పోగైన డబ్బెంతో నిర్వాహకులు అక్కడే చదివి వినిపించారు. వాళ్ల మీద గౌరవంతోనే రెండు మాటలు విన్నవిస్తున్నాను. సొమ్మంతా దుప్పట్లకే పెట్టేయకండి. వచ్చేసారి నడక రాత్రి పదింటికి పెట్టండి.

కిందటి చలికాలంలో ఆర్టీసీ కాంప్లెక్స్ బస్‌స్టాండు బయట పడుకునే ఒక ముసలమ్మకు దుప్పటి ఇచ్చాను. వారం తిరిగేసరికి మళ్లీ పాత ఫ్లెక్సీ కప్పుకుని ఉంది. దుప్పటేదమ్మా అంటే, "నీల్లకెల్లొచ్చేసరికి ఎవులో అట్టుకుపోనారమ్మా. పగలంతా సంకనెట్టుకు తిరగలేను గదా" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు. ఇచ్చేటప్పుడు, పగలు ఇది ఎక్కడ దాచుకుంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. తాళం వేసుకునే ఒక చిన్న పెట్టె, స్నానానికి చోటు ఉంటే ఆ దుప్పటి నాలుగు చలికాలాలు వచ్చేది.

విశాఖలో చలేమిటి, లంబసింగిలో కదా అంటారు. తెల్లవారుజామున మంచుకు తడిసిన సిమెంటు గట్టు మీద అట్టముక్క పరుచుకుని పడుకునేవాళ్లకు తెలుస్తుంది. దుప్పటి పైన కప్పుకున్నా చలి కిందనుంచి ఎక్కుతుంది.

వాళ్లకు కావలసింది తలమీద కప్పు. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండే ఆశ్రయాలు ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల్లోనే మన నగర జనాభా 17 లక్షలు దాటింది. అంటే 17కు తగ్గకూడదు. ఏ ఆశ్రయం ఎక్కడుందో, ఎన్ని మంచాలున్నాయో కాంప్లెక్స్‌లోనూ రైల్వే స్టేషన్‌లోనూ పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టమని మన నగరపాలక సంస్థ జీవీఎంసీని కోరుతున్నాను. చదవలేనివాళ్లను రాత్రిపూట అక్కడికి చేర్చడానికి ఒక ఆటో అద్దెకు విరాళాల్లోంచి కొంత తీయవచ్చు.

ఇంకొకటి, కాగితాలు. 60 దాటిన పేదలకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఆధార్, రేషన్ కార్డు లేని మనిషికి అది అందదు. చిరునామా లేక ఆ కార్డులు రావు. ఆశ్రయం చిరునామాతో ఆధార్‌కు దరఖాస్తు పెట్టించడానికి పెద్ద ఖర్చు కాదు, వెంట తిరిగే మనిషి కావాలి.

రాత్రి ఎందుకంటారా? పొద్దున్న మనం నడిచే వేళకు వాహనాలు ఆపేసిన రోడ్డు, సముద్రం కనిపిస్తాయి. ఎవరి కోసం నడుస్తున్నామో వాళ్లు కనిపించరు. కాంప్లెక్స్ దగ్గర మొదలుపెట్టి డాబాగార్డెన్స్, జగదాంబ మీదుగా కేజీహెచ్ పెద్దాసుపత్రి దాకా నడుద్దాం. బ్యానర్లు, మైకులు, ఫొటోలు వద్దు, నిద్రపోయేవాళ్లుంటారు. కేజీహెచ్ బయట పడుకునేవారిలో శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో రోగిని తీసుకొచ్చి, లాడ్జికి డబ్బుల్లేక ఆగిపోయినవాళ్లూ ఉంటారు. వాళ్ల అవసరం వేరు, పది రోజుల బస చాలు. ఎవరికి ఏం కావాలో పక్కన కూర్చుని అడిగి రాసుకుంటే, ఆ జాబితా ప్రకారమే డబ్బు ఖర్చుపెట్టవచ్చు.

దరఖాస్తులు నింపి, ఆఫీసుల చుట్టూ తిరగడానికి మా వాకర్లలో విశ్రాంత ఉద్యోగులం ఆరుగురం సిద్ధంగా ఉన్నాం. సంక్రాంతి లోపు నిర్వాహకులు ఏ రాత్రి అంటే ఆ రాత్రి వస్తాం.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం