మంచు యుగాన్ని ముక్కలు చేసి చెప్పవద్దు

సంపాదకుడికి,

ఆర్యా,

ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లు సాంఘిక శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మన పిల్లలకు మంచు యుగం ఒకేచోట, ఒకే విషయంగా ఎన్నడూ ఎదురుపడదు. చరిత్రలో రాతియుగపు మనిషి దగ్గర రెండు వాక్యాలు, భూగోళంలో హిమనీనదం కోసిన లోయ బొమ్మ, సామాన్య శాస్త్రంలో భూతాపం వల్ల కరిగే మంచు కనిపిస్తాయి. ఈ మూడింటినీ కలిపి చెప్పే పీరియడు మాత్రం టైంటేబుల్లో లేదు.

ఒకసారి ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి, ‘అప్పుడు మన ఊళ్లో కూడా మంచు కురిసిందా సార్?’ అని అడిగింది. లేదని చెప్పి ముందుకు సాగిపోయాను. అది తప్పు జవాబు కాదు కానీ సగం జవాబు. మిగతా సగం నేనొక్కణ్ణే చెప్పగలిగేది కూడా కాదని తర్వాత తెలిసింది.

ఆ ప్రశ్న మొదట తెలుగు మాస్టారి దగ్గరకు వెళ్లాలి. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, దారి కనబడకుండా కమ్ముకునేదీ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. అందుకే మన పిల్లవాడు మంచు యుగం అనగానే ధనుర్మాసపు ఉదయాన్ని ఊహించుకుంటాడు. ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపాల మీద కిలోమీటర్ల మందాన నిలిచిన మంచుగడ్డ అతని కళ్ల ముందుకు రావాలంటే ముందు ఈ మాటల మధ్య తేడా తెలియాలి.

తర్వాత గణితం, భౌతిక శాస్త్రం. సుమారు 20,000 ఏళ్ల కిందట నేల మీద అంత నీరు గడ్డకట్టి ఉండడం వల్ల సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది; మన ద్వీపకల్పం నుంచి శ్రీలంకకు నడిచి వెళ్లేంత నేల తేలి ఉండేది. ఆ 120 మీటర్లూ తిరిగి నిండడానికి రమారమి 13,000 ఏళ్లు పట్టిందనుకుంటే ఏడాదికి సగటున ఎంత పెరిగిందో పిల్లలే లెక్క కట్టగలరు. సెంటీమీటరుకు కాస్త తక్కువ వస్తుంది. గ్లాసు నీళ్లలో తేలే మంచుముక్క కరిగితే మట్టం ఎందుకు పెరగదో, గట్టు మీది మంచు కరిగి అందులో పడితే ఎందుకు పెరుగుతుందో చూపడానికి ప్రయోగశాల కూడా అక్కరలేదు. భూమి అక్షం 23½ డిగ్రీలు వంగి ఉంటుందని మనం బట్టీ పట్టిస్తాం. ఆ వంపు సుమారు 41,000 ఏళ్ల ఆవృత్తిలో కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉంటుందనీ, మంచు ముందుకు రావడానికీ వెనక్కి పోవడానికీ ఇలాంటి మార్పులే లయ నిర్ణయించాయనీ సెర్బియా శాస్త్రవేత్త మిలుటిన్ మిలాంకోవిచ్ లెక్క కట్టిన సంగతి మాత్రం చెప్పం.

అసలు విచారం ఏమిటంటే, మన రాష్ట్రాల్లోనే ఉన్న ఆధారాలు మన పాఠాల్లోకి రాకపోవడం. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలను సినిమా పాటల్లో చూడని పిల్లలు ఉండరు. సముద్రం వెనక్కి తగ్గిన ఆ కాలంలో బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి పోయడం ఆ దిబ్బలు ఏర్పడడంలో ముఖ్యమైన ఘట్టమని భూవిజ్ఞానులు చెబుతారు. కర్నూలు ప్రాంతంలో బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో బ్రిటిష్ భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు హెన్రీ 1884–85లో తవ్వి జంతువుల ఎముకలెన్నో వెలికితీశారు. ఈ శతాబ్దంలో అక్కడే జరిగిన పరిశోధనలో తేలింది మరీ ఆసక్తికరం: సుమారు 2 లక్షల ఏళ్ల వ్యవధిలో ఆ పొరల్లో కనిపించిన క్షీరదాల్లో దాదాపు అన్ని రకాలూ ఉపఖండంలో ఎక్కడో ఒకచోట నేటికీ బతికే ఉన్నాయి. ఉత్తరాన మామత్‌లు (ఒంటినిండా జూలున్న ఏనుగు జాతి జంతువులు) అంతరించిపోగా ఇక్కడి జంతువులు ఎలా నిలదొక్కుకున్నాయన్నది జీవశాస్త్రం తరగతికి ఎంత మంచి ప్రశ్న! చిత్రలేఖనం మాస్టారికీ పని ఉంది. మహారాష్ట్రలోని పాట్నెలో ఆ కాలపు మనిషి గీతలు చెక్కిన ఉష్ట్రపక్షి (నిప్పుకోడి) గుడ్డు పెంకు దొరికింది. ఈ దేశంలో ఉష్ట్రపక్షులు తిరిగేవంటే పిల్లలు మొదట నమ్మరు.

సింగరేణి ప్రాంతపు పిల్లలకైతే ఇంకా పాత కథ ఒకటి ఉంది. గోదావరి లోయలో బొగ్గు పొరలకు అడుగున ఉండే తాల్చీర్ శిలలు సుమారు 30 కోట్ల ఏళ్ల నాటి మరో మంచు యుగం వదిలిపోయినవి. ఒడిశాలోని తాల్చేరులో ఈ రాళ్లను చూసి, ఇది మంచు చేసిన పనే కావచ్చని భూవిజ్ఞానులు 1856లోనే సూచించారు. ఇంత ఎండల దేశంలో మంచా అని అప్పట్లో ఎందరికి ఆశ్చర్యం కలిగి ఉంటుందో!

ఇందుకోసం కొత్త పుస్తకం వేయమనో, సిలబస్ పెంచమనో నేను అడగడం లేదు. ఉన్న బరువే చాలు. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఏ సబ్జెక్టు వారు ఆ సబ్జెక్టు వారితోనే కూర్చోవడం మాకు అలవాటు. ఏడాదికి ఒక్క సమావేశమైనా ఎనిమిదో తరగతికి బోధించే వారందరూ కలిసి కూర్చొని, రెండు వారాల పాటు ఈ ఒక్క విషయాన్నే ఎవరి కోణం నుంచి వారు చెప్పేలా పంచుకోవడానికి విద్యాశాఖ వీలు కల్పించాలి. సబ్జెక్టుకొక ప్రాజెక్టు పని చొప్పున, పుస్తకాల దుకాణంలో కొన్న చార్టులు అతికించి తెచ్చే తంతుకు బదులు అందరికీ కలిపి ఒకే ప్రాజెక్టు ఇచ్చి, ఆ మార్కులను అన్ని సబ్జెక్టులకూ లెక్కించాలి. విహారయాత్రల బస్సులు ఏటా బెలుం గుహలకు ఎలాగూ వెళ్తున్నాయి. ఉపాధ్యాయులు ముందుగా ఒకసారి వెళ్లి దారీ తెన్నూ చూసుకొని వస్తే, వాటిలో కొన్నైనా బేతంచర్ల వైపు కూడా తిరగవచ్చు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నంద్యాల జిల్లా.