టౌన్‌హాలుకి రంగులే కాదు, కాగితాలూ కావాలి

ఒడిశా రాష్ట్ర ఒడియా భాష, సాహిత్య, సంస్కృతి శాఖ మంత్రిగారికి,

నమస్కారం. బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మా టౌన్‌హాలు విషయమై ఈ ఉత్తరం. గోడలకి రంగులు, కొత్త కుర్చీలు ఎవరు అధికారంలో ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు వేయిస్తారు. నేను అడిగేది దాని చరిత్ర గురించి.

1882లో వైస్రాయి రిప్పన్ స్థానిక పాలన తీర్మానం వచ్చింది. 1884లో మద్రాసు మునిసిపాలిటీల చట్టం వచ్చింది. ఆ కాలంలోనే మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్ళలో సభలకంటూ హాళ్ళు లేచాయి. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలుకి 1883లో శంకుస్థాపన చేసింది మన విజయనగరం ఆనంద గజపతిరాజు. రాజమండ్రి టౌన్‌హాలు కట్టించింది కందుకూరి వీరేశలింగం పంతులు. అంతకుముందు నలుగురూ కూడాలంటే గుడి మండపమో, జమీందారు దివాణమో దిక్కు. రెండుచోట్లా ఎవరు లోపలికి రావచ్చో ముందే తేలిపోయి ఉండేది. టౌన్‌హాలు అందరిదీ అన్నారు గాని, పన్ను కట్టేవాడికే ఓటున్న రోజులు అవి. ఆ ‘అందరి’లో ఆడవాళ్ళు, కూలీలు ఎందరున్నారన్నది వేరే లెక్క.

మా ఊరిది ఇంకో చిక్కు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మా ఊరున్న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా. ఇక్కడి మునిసిపాలిటీ మీద ప్రభుత్వం ఇచ్చిన జీవోలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ తర్వాతి కాగితాల కోసం భువనేశ్వర్ వెళ్ళాలి. ఊరు ఒకటే అయినా దాని చరిత్ర రెండు రాష్ట్రాల బీరువాల్లో ఉంది.

ఆ రోజుల్లో ఊరు ఎంత వేడిగా ఉండేదని! 1913లో శశిభూషణ్ రథ్ ఇక్కణ్ణుంచే ‘ఆశ’ అనే ఒడియా పత్రిక మొదలుపెట్టారు. ఐర్లండులో చదువుకుని వచ్చిన వి.వి. గిరి ఇక్కడే వకీలుగా నిలబడ్డారు. ఒడియా ప్రాంతాల్ని ఒకటి చేసే విషయమై 1924లో ఫిలిప్, డఫ్ అనే అధికారుల విచారణ జరిగింది. తర్వాత ఓడొనెల్ సరిహద్దు కమిటీ వచ్చింది. ఒడియావారు మా ఊరిని ఒడిశాలో కలపమన్నారు, తెలుగువారు వద్దన్నారు. ఇప్పుడు హాల్లో బోర్డు పెడితే గెలిచిన వాదన ఒక్కటే రాస్తారని నా భయం. ఓడినవాళ్ళు కూడా ఈ ఊరివాళ్ళే, వాళ్ళ మనవలు ఇప్పటికీ ఇక్కడే పన్నులు కడుతున్నారు.

అందుకని నా కోరిక ఇది. ఎగ్మూరులో 1884 నుంచి 1936 దాకా మా ఊరికి సంబంధించిన ఫైళ్ళకి నకళ్ళు తెప్పించండి. టౌన్‌హాల్లో ఒక గదిలో ఉంచండి. పట్టిక ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. చూడ్డానికి వచ్చినవాణ్ణి సిఫారసు ఉత్తరం అడగకూడదు. బరంపురం యూనివర్సిటీ చరిత్ర విద్యార్థులకి ఈ పని అప్పగిస్తే బాగుంటుంది, జీతాలకంటే రైలు ఛార్జీలే ఎక్కువవుతాయి.

పాత ఇళ్ళను కూడా కదపాలి. తాతల ట్రంకుపెట్టెల్లో సభల కరపత్రాలు, తెలుగు ఆహ్వానపత్రాలు ఉన్నాయి. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒడియా చదువుతారు, తెలుగు అక్షరం చాలామందికి రాదు. వాళ్ళ చేతికొచ్చాక ఆ కాగితాలు తూకానికే పోతాయి. చదివి పెట్టడానికి రిటైరైన తెలుగు మాస్టార్లు మాలో ఇంకా కొందరున్నారు. పిలిస్తే వస్తారు, ఈ ఏడాదే పిలవండి.

ఇట్లు,
బరంపురం తెలుగు పౌరుడు