వానాకాలమంతా గట్ల మీదే

ఒరేయ్ మామా,

వానాకాలమంతా ఫోన్ కూడా ఎత్తకుండా ఎక్కడ తిరిగావని అడిగావు కదా. చెప్తా, తీరిగ్గా కూర్చుని చదువు.

ఇక్కడ హనుమకొండలో మొక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లం కొందరం ఉన్నాం. రిటైరైన బోటనీ లెక్చరర్ గారు, ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఒక బ్యాంకు మేడం, ఆకుకూరలు ఏరుకొచ్చి అమ్మే ఒక పెద్దమ్మ, నేను. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా వాటంతట అవే మొలిచే మొక్కలన్నీ ఈ సీజన్‌లో రాసిపెట్టాలనుకున్నాం. వడ్డేపల్లి చెరువు కట్ట, పద్మాక్షి గుట్ట, ఊరి బయట పత్తిచేల గట్లు, ఇల్లు కట్టకుండా వదిలేసిన ప్లాట్లు. అడవి జోలికి ఈసారి పోలేదు. అడవిలో అరుదైన మొక్క ఉందంటే ఎవరో ఒకరు వెతుక్కుంటూ వెళ్తారు. గట్టు మీది గునుగు గురించి ఎవరు రాస్తారు చెప్పు? ఫలానా ఏడు ఫలానా చోట ఉండేదని రాసి ఉంటేనే కదా, రేపు కనబడకపోతే పోయిందని తెలిసేది!

ఆ విషయంలో మీ సామర్లకోట వాళ్లు అదృష్టవంతులురా. కంపెనీ డాక్టరు, మొక్కల శాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1781లో అక్కడికి వచ్చి, 1793లో కలకత్తా వెళ్లేదాకా మీ చుట్టుపక్కల మొక్కలకి ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు, తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. తర్వాత 1915 నుంచి గాంబుల్ అనే ఇంగ్లీషు మొక్కల శాస్త్రవేత్త మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల గ్రంథం తెచ్చినప్పుడూ కోస్తా, రాయలసీమ అందులోకి వచ్చాయి. మాది నిజాం ఇలాకా, ఆ లెక్కలోకే రాలేదు. ఆ తర్వాత యూనివర్సిటీల వాళ్లు చాలా పని చేశారు, కాదనను. కానీ పాత లెక్క లేని లోటు లోటే.

పని కష్టమేం కాదు, ఓపిక కావాలి. మ్యాప్ మీద కిలోమీటరుకో గడి గీసి తలా కొన్ని పంచుకున్నాం. తొలకరికి ఒకసారి, శ్రావణంలో ఒకసారి, దసరా దాటాక మళ్లీ అదే గడికి వెళ్లాలి. పువ్వు ఫొటో ఒక్కటే చాలదు. ఆకు వెనకవైపు, కాండం, కాయ, మొత్తం మొక్క తియ్యాలి. తేదీ, చోటు, నేల ఎలాంటిది, పూతలో ఉందా కాయలో ఉందా రాయాలి. తేలని వాటిని పాత న్యూస్‌పేపర్లలో పరిచి చెక్కల మధ్య బిగిస్తాం. ముసురు పట్టిన రోజుల్లో కాగితాలు మార్చకపోతే బూజు పట్టేస్తుంది, అదొక టెన్షన్.

అన్నిట్లోకీ నన్ను కట్టిపడేసింది వెన్నదేవికూర. చేలల్లో కలుపని పీకి గట్టున పారేస్తారే, అదే. పొద్దున్నే వెళ్తే నీలం పువ్వు విచ్చుకుని ఉంటుంది. రెండు రెక్కలు పెద్దవి, మూడోది చిన్నది. మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. ఒకరోజు లెక్చరర్ గారు ఒక మొక్క చుట్టూ మట్టి తవ్వి నెమ్మదిగా పైకి లేపారు. మొదలు దగ్గర నుంచి తెల్లటి సన్న కొమ్మలు మట్టిలోకే దిగి ఉన్నాయి. వాటికి చిన్న చిన్న తొడుగులు. ఒకటి గోటితో విప్పితే లోపల విచ్చుకోని పువ్వు, పక్కదాంట్లో కాయ! ఎండ తగలకుండా, ఈగ వాలకుండా, మట్టిలోనే పూసి తన పుప్పొడితోనే తాను గింజ కడుతుంది. ఎంత పీకినా మళ్లీ ఎందుకు మొలుస్తుందో అక్కడ అర్థమైంది. మేమంతా నోరు తెరిచి చూస్తుంటే పెద్దమ్మ మాత్రం, "దాని ఇత్తు భూమిలనే ఉంటది బిడ్డా" అంది. ఆమెకి ఎప్పటి నుంచో తెలుసు. ఆమె పేరు మా నోట్సులో మిగతా అందరి పేర్ల పక్కనే ఉండాలని పట్టుబట్టాను.

వినాయక చవితి ముందు పత్రి జాబితా పట్టుకుని బయల్దేరాం. ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, గరిక ఎక్కడ పడితే అక్కడే. వాకుడు, విష్ణుక్రాంతం గుట్ట వాలున దొరికాయి. వావిలి మాత్రం ఒక్క కాలువ వెంబడే ఉంది. తుమ్మికి కొదవ లేదు, ఆ పండక్కి తుమ్మికూర పప్పు వండనిదే మాకు గడవదు కదా.

దిగులు పుట్టింది గునుగు దగ్గర. వెండిరంగు కంకి, కొసన లేత గులాబీ, నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు బతుకమ్మలో చూశావు. జొన్న, కంది చేలల్లో విరగబూసేది. చేలన్నీ పత్తి అయి కలుపుమందు వచ్చాక గట్ల మీదికి జరిగింది, ఇప్పుడు గట్లకీ మందు కొడుతున్నారు. చాలా గడుల్లో గునుగు ఎదురుగా 'లేదు' అని రాయాల్సి వచ్చింది. బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాడు ఇంట్లోవాళ్లు మార్కెట్లో కట్ట కొనుక్కొచ్చారు. వయ్యారిభామ (పార్థీనియం) ఎదురుగా మాత్రం ప్రతి గడిలో 'ఉంది'. 1950ల్లో పుణె దగ్గర కంటబడ్డ కలుపు దేశమంతా కమ్మేసింది. దాన్ని తినడానికి మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారే, ఆ గీతల పెంకుపురుగు మా దగ్గరా కనబడింది. ఆకుల్ని తూట్లు తూట్లు చేస్తుంది గానీ, ఇంత మేర పరుచుకున్న మొక్కకి ఆ పురుగు ఏ మూలకి?

గడ్డిజాతులు ఇంకా తేలలేదు. పేపర్ల మధ్య కట్టలు కట్టలుగా ఉన్నాయి, వాటికి చలికాలమంతా పడుతుంది.

కార్తీకంలో రారా. పాకాల చెరువు వైపు ఒక రోజు నడుద్దామని ఫారెస్ట్ వాళ్లకి పర్మిషన్ కోసం దరఖాస్తు పెట్టాం. ఈలోగా మీ వీధి చివర కాలువ గట్టుందే, అక్కడ ఏమేం పూస్తున్నాయో వారానికోసారి తేదీ వేసి ఫొటోలు పంపు. అమ్మగారిని అడిగానని చెప్పు. వెన్నదేవికూర మీవైపు వండుతారో లేదో కూడా కనుక్కుని రాయి, నోట్సులో ఆ గడి ఖాళీగా ఉంది.

నీ
మామ