పాత గ్రంథాలయంలో కళాకేంద్రం: అరలు పీకే ముందు

సంపాదకులకు,

వాడకం లేని పాత గ్రంథాలయాలను ప్రజల కళాకేంద్రాలుగా మార్చాలన్న ఆలోచన మంచిదే. 1897లో కట్టిన షికాగో పాత గ్రంథాలయం ఇవాళ కల్చరల్ సెంటర్. 1917 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రధాన గ్రంథాలయంలో 2003 నుంచి ఆసియా కళల మ్యూజియం నడుస్తోంది. అయితే ఈ విషయం మీద జరిగే చర్చల్లో గోడలకు వేసే రంగుల గురించే ఎక్కువ వినిపిస్తుంది. భవనం దేనికోసం కట్టిందో, దేన్ని తట్టుకోలేదో పెద్దగా ఎవరూ మాట్లాడరు. పాత కట్టడాల మరమ్మతుల్లో, కళాశిక్షణ కేంద్రాల నిర్వహణలో ఉన్నవాళ్లుగా కొన్ని విషయాలు రాస్తున్నాం.

పని మొదలుపెట్టగానే అందరూ చేసేది పుస్తకాల అరలు పీకేయడం. అసలు ప్రమాదం అక్కడే. వందేళ్ల నాటి పెద్ద గ్రంథాలయాల్లో కొన్నింట ఇనుప అరలే స్తంభాలు. 1911లో తెరిచిన న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పెద్ద పఠన మందిరాన్ని మోస్తున్నది దాని కింద ఏడు అంతస్తుల్లో ఉన్న ఉక్కు అరలే. కాబట్టి అర నిలువు కమ్మీ నేల మీదే ఆగిందా, నేలలోంచి కింది అంతస్తుకు దిగిందా చూడాలి. దిగితే స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క తేల్చేదాకా ఒక్క బోల్టు కూడా విప్పకూడదు.

గ్రంథాలయం కదా, ఎంత బరువైనా మోస్తుందనేది సగమే నిజం. పుస్తకాలు నిల్వ చేసే గదుల నేలను చదరపు మీటరుకు సుమారు 700 కిలోలు మోసేలా లెక్కగట్టడం మామూలు. చదువుకునే హాలుకు అందులో సగం కూడా ఉండదు, 300 దాకా ఉంటుంది. పాత భవనాల్లో ఈ అంకెల మీదా భరోసా లేదు, దూలాల చివర్లు చెద పట్టాయేమో తట్టి చూడాలి. అందంగా ఉందని చెక్క నేల ఉన్న పై హాల్లో ముద్రణ ప్రెస్సు పెడతారు. దాని బరువంతా నాలుగు కాళ్ల కిందే పడుతుంది, నేల అక్కడే కుంగుతుంది. ప్రెస్సూ, మట్టిపనీ, మట్టి వస్తువులు కాల్చే కరెంటు కొలిమీ కింది అంతస్తులోనే ఉండాలి. పై హాలు ప్రదర్శనకూ, బొమ్మలు గీసే తరగతులకూ చాలు.

ఆ హాలుకు పెద్ద కిటికీలుంటాయి. చదవడానికి వెలుతురు కావాలని పెట్టినవి. బొమ్మలకు అదే చేటు. నీటిరంగులు, కాగితం, బట్ట మీద వేసిన పనులకు వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించనివ్వరు. నూనె రంగులకైతే 200 దాకా పర్వాలేదు. అద్దాలకు అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్మ్ అంటించి, పని అయిపోయిందనుకుంటారు. ఆ ఫిల్మ్ మామూలు వెలుతురును దాదాపుగా ఆపదు, రంగు వెలిసిపోవడం సాగుతూనే ఉంటుంది. లోపలి వైపు పల్చని తెల్లబట్ట తెరలు కూడా వేయాలి. ఇలాంటి బొమ్మలను కిటికీకి ఎదురు గోడకు కాకుండా, కిటికీల మధ్య గోడకు తగిలించాలి.

ఇక గోడలు. సున్నంతో కట్టిన గోడకు సిమెంటు గార పూస్తే తేమ బయటికి పోదు. లోపలే పైకి ఎగబాకుతుంది, ఉప్పు తెల్లగా పొంగి కొన్నాళ్లకు పెచ్చులు ఊడతాయి. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకతోనే మరమ్మతు చేయాలి. పూత కూడా సున్నమే. ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు. బొమ్మ బొమ్మకూ గోడలో మేకు కొట్టకుండా, పైన ఒక పట్టీ బిగించి తీగలు వేలాడదీయాలి. పట్టీ మరలు కూడా ఇటుకలోకి పోకుండా సున్నపు సందుల్లోకే దిగాలి. రేపు తీసేసినా ఇటుక చెక్కుచెదరదు.

ఎవరూ ముందుగా ఊహించనిది శబ్దం. పుస్తకాలు ధ్వనిని పీల్చేవి. అవి పోయాక ఖాళీ హాలు మోగుతుంది, పిల్లల తరగతిలో టీచరు మాట చివరి బెంచీకి అందదు. 15 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 6 ఎత్తున్న గట్టి గోడల హాల్లో శబ్దం చల్లారడానికి దాదాపు 3 సెకన్లు పట్టవచ్చు. దాన్ని సగానికి తేవాలంటే సుమారు 60 చదరపు మీటర్ల మెత్తటి పలకలు కావాలి. గోడలు బొమ్మలకు వదిలేసి వాటిని పైకప్పు నుంచి వేలాడదీయడం మేలు.

చివరిగా నిప్పు, మట్టి సంగతులు. పాత వైరింగు దీపాలకూ, ఫ్యాన్లకూ వేసింది. కొలిమికి మీటరు దగ్గర్నుంచి విడిగా లైను లాగాలి, పొగ బయటికి పోయే దారి ఉండాలి. మట్టి గదిని పొడి చీపురుతో ఊడిస్తే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే తడిగుడ్డతోనే తుడవాలి. సింకు కింద మట్టి పేరుకునే తొట్టి లేకపోతే పాత పైపులు మూసుకుపోతాయి. నూనె రంగుల్లో వాడే అవిసె నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా వదిలితే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లు పోసి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, రోజూ సాయంత్రం భవనం బయట పెట్టించాలి. ఈ పని ఎవరిదో పేరు రాసి తలుపు మీద అంటించాలి.

ఇట్లు,
పాత కట్టడాల మరమ్మతు, కళాశిక్షణ రంగాల్లోని కొందరు పాఠకులు