నీ పట్టికలో ఎనిమిదో పేరు

గవర్నర్‌పేట, విజయవాడ
ఆదివారం

చిరంజీవి బాబుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన పట్టిక ఫోనులో కళ్లకు ఆనకపోవడంతో, బీసెంట్ రోడ్డు పక్క సందులోని జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకుని, పెన్సిలు పట్టుకుని రెండుసార్లు చదివాను. నీ కింద పనిచేసే ఎనిమిది మంది రిక్రూటర్లకు నెలకు 100 మార్కులు పెట్టి, క్లయింట్లకు, అంటే మనుషులు కావాలన్న కంపెనీలకు, పంపిన ప్రొఫైళ్ల (అభ్యర్థుల బయోడేటాల) సంఖ్యకు 40, ఇంటర్వ్యూలకు 20, జాయినింగులకు 30, రోజువారీ ఫోన్ కాల్స్‌కు 10 కేటాయించావు. టీమ్ లీడు అయిన రెండో నెలలోనే ఇంత శ్రద్ధగా లెక్క కట్టినందుకు సంతోషమే. అయితే ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లో చిన్న ప్లేస్‌మెంటు ఆఫీసు నడిపినదానిగా నాకు తోచినది దాచకుండా రాస్తున్నాను. మీ కంపెనీ ఐటీ ఉద్యోగాలకు మనుషులను వెతుకుతుంది. నేను ఆటోనగర్ విడిభాగాల షాపులకు అకౌంటెంట్లను, ఏలూరు రోడ్డు షోరూములకు సేల్స్ పిల్లలను, ఆస్పత్రులకు రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లను వెతికాను. జీతాలు వేరు గాని పని పోకడ ఒక్కటే.

ముందుగా ఆ 40 మార్కుల సంగతి. ప్రొఫైల్ పంపడం పూర్తిగా రిక్రూటర్ చేతిలో ఉన్న పని కాబట్టి, దాన్ని ఎంత కావాలంటే అంత పెంచి చూపవచ్చు. ఆఫీసు పెట్టిన మూడో ఏట నేనూ ఇదే చేశాను. ఇద్దరు అమ్మాయిలకు వారానికి 30 బయోడేటాలు పంపాలని నియమం పెట్టి, ఆపైన ప్రతిదానికి పది రూపాయలు ఇచ్చాను. రెండు నెలలు రిజిస్టరు నిండుగా కళకళలాడింది. ఆ తర్వాత ఒక షోరూము యజమాని ఆ కట్ట మొత్తం తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఇందులో నలుగురికి ఫోన్ చేస్తే ముగ్గురికి తమ కాగితం ఇక్కడికి వచ్చిన సంగతే తెలియదని అన్నాడు. వెతికి చూస్తే ఒకే కుర్రాడి బయోడేటా మూడు షాపులకు వెళ్లింది, వాటిలో ఒకటి అతను అప్పటికే పనిచేస్తున్న షాపు. అతని ఉద్యోగం ఊడనందుకు ఇప్పటికీ దుర్గమ్మకు దణ్ణం పెట్టుకుంటాను. ఆ అమ్మాయిలను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు, నేను దేనికి డబ్బులిచ్చానో దాన్నే వాళ్లు తెచ్చిపెట్టారు.

ఈ జబ్బు కొత్తదీ కాదు. మా రోజుల్లో డిగ్రీ చేతికి రాగానే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేయించుకుని, కార్డు రెన్యువల్ చేయించుకుంటూ కాల్ లెటర్ కోసం కళ్లు కాయలు కాచేలా చూసేవాళ్లం. 1959 నాటి చట్టం ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలియజేయమన్నదే గాని, అక్కడి నుంచి వచ్చినవాళ్లనే తీసుకోమని అనలేదు. ఆ జాబితా ఒక్కటే సరిపోదు, పత్రికల్లోనూ ప్రకటించి వచ్చినవాళ్లందరినీ పరిశీలించాలని 1996లో సుప్రీం కోర్టు చెప్పింది కూడా మన కృష్ణా జిల్లా ఎక్సైజు సూపరింటెండెంటు కేసులోనే. ఎక్స్ఛేంజి లెక్కల్లో నమోదైనవాళ్లకు ఒక గడి, యజమానులకు ఎవరి పేర్లు పంపారో వాళ్లకు ఒక గడి, ఉద్యోగం దొరికినవాళ్లకు ఒక గడి ఉండేవి. రెండో గడి నిండినంత మాత్రాన మూడోది నిండదని మా తరానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నీ పట్టికలో రెండో వరుస, ఐదో వరుస పక్కపక్కన పెట్టి చూడు. రెండో వరుస కుర్రాడు 60 ప్రొఫైళ్లు పంపితే 12 ఇంటర్వ్యూలు, 3 ఆఫర్లు, 2 జాయినింగులు అయ్యాయి. ఐదో వరుస అమ్మాయి 18 పంపితే 10 ఇంటర్వ్యూలు, 4 ఆఫర్లు, 2 జాయినింగులు అయ్యాయి. నీ మార్కుల్లో అతను మొదటివాడు, ఆమె ఐదోది. క్లయింటు కోణం నుంచి చూస్తే, ఇద్దరి వల్ల వచ్చింది ఇద్దరేసి మనుషులే గాని, అతని కోసం 48 పనికిరాని కాగితాలు చదవాల్సి వచ్చింది. అతను రిక్వైర్‌మెంటును, అంటే క్లయింటు నింపమన్న ఉద్యోగాన్ని, సరిగా అర్థం చేసుకోకుండా, పదాలు కలిసిన ప్రతి రెజ్యూమేనూ తోసేస్తున్నాడని నా అనుమానం. అతన్ని ఒక రోజు క్లయింటు మేనేజరుతో మాట్లాడే కాల్‌లో కూర్చోబెడితే 60 కాస్తా 25కు దిగవచ్చు, ఇంటర్వ్యూలు మాత్రం తగ్గవు.

ఐదో వరుస అమ్మాయికి దెబ్బ తగిలేది మరో చోట. నాలుగు ఆఫర్లలో రెండు జారిపోయాయి. మీ రంగంలో రాజీనామా ఇచ్చాక పాత ఉద్యోగంలో ఉండాల్సిన నోటీసు పీరియడ్ 60 రోజులు, 90 రోజులు కూడా ఉంటుందని, ఆ సమయంలో చేతిలో ఉన్న ఆఫరు చూపించి మరో చోట బేరమాడుకుంటారని నువ్వే చెప్పావు. అలాంటప్పుడు ఆఫరు వచ్చాక రిక్రూటర్ పని అయిపోయినట్టు కాదు, సగం పని అక్కడే మొదలవుతుంది. నాకు జారిపోయిన ఆఫర్లలో చాలా భాగం జీతం వల్ల కాదు. తెనాలి నుంచి రోజూ ప్యాసింజరు రైల్లో వచ్చిపోతానన్న అమ్మాయికి అత్తగారు ఒప్పుకోలేదు, ఇంకొకరికి ఆషాఢం అడ్డొచ్చింది, మరొకరు అమావాస్య వెళ్లాక చేరతానని ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. ఇవన్నీ మొదటి ఫోన్‌లోనే అడగదగిన ప్రశ్నలు. అడిగే అలవాటు ఎవరికి ఉందో ఫోన్ కాల్స్ సంఖ్యకు నువ్వు ఇచ్చిన 10 మార్కుల్లో తెలియదు. ఒక గంట వాళ్ల పక్కన కూర్చుని వింటేనే తెలుస్తుంది.

ఇక్కడొక చిక్కు ఉంది, నేను పైన చెప్పిన వరుసలనూ అది కొంత తారుమారు చేస్తుంది. మార్చిలో పంపిన ప్రొఫైల్‌కు ఏప్రిల్‌లో ఆఫరు వచ్చి, 90 రోజుల నోటీసు తర్వాత జూలైలో జాయినింగు అవుతుంది. అంటే జూలై పట్టికలో కనిపించే ఇద్దరూ మార్చి నాటి చాకిరీకి ఫలం. కాలవకు నీళ్లు వదిలాక పోసిన నారు కోతకు వచ్చేది మార్గశిరంలో కదా, ఆ ధాన్యాన్ని చూసి మార్గశిరంలో బాగా పనిచేశారని మీ తాతయ్య ఏ కూలీనీ మెచ్చుకోలేదు. అందుకని నెలల వారీగా కాక, ఒక్కో రిక్వైర్‌మెంటుకు అది వచ్చిన తేదీతో ఒక్కో షీటు పెట్టి, అది మూసుకునేదాకా నడిపించు. దానిలోనే మొదటి మంచి ప్రొఫైల్ ఎన్నో రోజున వెళ్లింది, క్లయింటు జవాబివ్వడానికి ఎన్ని రోజులు తీసుకున్నాడు అన్నవి కూడా రాయించు. రెండోదాన్ని రిక్రూటర్ ఖాతాలో వేయడం అన్యాయం. నెలకు రెండు జాయినింగులా మూడా అన్న తేడాను బట్టి ఎవరి మీదా తీర్పు చెప్పకు. అంత చిన్న సంఖ్యల్లో అదృష్టం పాలే ఎక్కువ.

మీ యజమాని రూపాయల్లో కొలవమంటున్నారని రాశావు. ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే దాదాపు ఒక నెల జీతం, ఫీజుగా తీసుకునే ఒప్పందమైతే 6 లక్షల ఉద్యోగానికి 49,980 రూపాయలు, 20 లక్షల ఉద్యోగానికి 1,66,600 రూపాయలు వస్తాయి. రూపాయలే కొలత అయితే చిన్న ఉద్యోగాల ముఖం ఎవరూ చూడరు, వాటిని ఇచ్చిన క్లయింటే రేపు పెద్దవి ఇస్తాడన్నది మరిచిపోతారు. పైగా బిల్లు వేసిన రోజుకూ డబ్బు వచ్చే రోజుకూ పొంతన ఉండదు. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతుంది. ఆ చట్టాన్ని నా క్లయింట్లకు గుర్తుచేసే ధైర్యం నాకు ఎన్నడూ కలగలేదు. వాళ్లు ఇచ్చినా ఇవ్వకపోయినా 18 శాతం జీఎస్టీ మాత్రం మరుసటి నెల 20వ తేదీకల్లా చేతి నుంచి కట్టాను. వసూలు బాధ్యత మీ యజమానిదీ నీదీ. రిక్రూటర్లకు ఆ లెక్క చూపించు, దాని మీద మార్కులు మాత్రం వేయకు.

జాయినింగుకు ఇచ్చే 30 మార్కులను రెండు ముక్కలు చేయమని మాత్రం గట్టిగా చెబుతాను. 90 రోజుల్లోపు మనిషి వెళ్లిపోతే ఉచితంగా మరొకరిని ఇస్తామని మీ ఒప్పందంలో ఉందన్నావు కాబట్టి, చేరిన రోజున సగం, 90 రోజులు నిండాక సగం ఇవ్వు. ఒక ఏడాది నా దగ్గర 11 మంది అకౌంటెంట్లను చేర్చి బోనసు తీసుకున్న అమ్మాయి ఉండేది. దసరా నాటికి వాళ్లలో 5 మంది మానేశారు, ఆ ఐదు ఖాళీలూ నేను ఊరికే నింపాను. అప్పుడు పెట్టాను ఈ సగం సగం పద్ధతి. దానికీ విరుగుడు కనిపెట్టారులే. ఎలాగోలా తొంభై రోజులు ఓపిక పట్టమని అభ్యర్థులను బతిమాలడం మొదలైంది, 91వ రోజున మానేసేవాళ్లు పెరిగారు. అందుకే ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం సాయంత్రం నేనే ఫోన్ చేసి, ఎలా ఉంది, చెప్పిన పనే ఇచ్చారా అని అడిగేదాన్ని. ఆ జవాబులను ఏ రిజిస్టరులోనూ ఎక్కించలేదు. తెలిస్తే దానికీ ముందే పాఠం చెప్పి ఉంచేవాళ్లు.

చివరగా, నీ ఎనిమిదో పేరు. ఒకే ఒక్క జాయినింగు, 9 ప్రొఫైళ్లు, 31 మార్కులు అని ఎర్ర రంగు వేసి, వచ్చే నెల హెచ్చరిక ఇస్తానని రాశావు. ఆమెకు అప్పగించిన రిక్వైర్‌మెంట్ల పక్కన చూస్తే, మిగతా ఏడుగురూ ఆరు నెలలుగా నింపలేక వదిలేసినవే నాలుగున్నాయి, అందులో రెండింటికి క్లయింటు మూడు వారాలైనా జవాబివ్వలేదు. పంపిన తొమ్మిదిలో ఏడు ఇంటర్వ్యూకు పిలిపించుకున్నాయి. నీ పట్టిక మొత్తంలో అంతటి నిష్పత్తి మరెవరికీ లేదు. ఆ హెచ్చరిక కాగితం ఇంకా ఇవ్వలేదు కదా? ఆ నాలుగు రిక్వైర్‌మెంట్ల షీట్లు తేదీలతో సహా నాకు విడిగా పంపు, చూసి రాత్రికి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
అమ్మ