పిల్లలకు ‘ఊరెళ్ళాడు’ అని చెప్పకండి

సంపాదకులకు,

ఇంట్లో మనిషి పోయినప్పుడు పసిపిల్లలకు పెద్దవాళ్ళు చెప్పే మొదటి మాట ‘ఊరెళ్ళారు’. విశాఖలో ఈ మాట మరీ చెయ్యకూడని పని చేస్తుంది. హార్బరు నుంచి వేటకెళ్ళిన నాన్న రోజుల తరబడి కనబడడు, తర్వాత వస్తాడు. నేవీలోనో సరుకు ఓడల్లోనో పనిచేసే నాన్న నెలలకైనా వస్తాడు. స్టీల్‌ప్లాంట్ నైట్ షిఫ్టుకి వెళ్ళినవాడు తెల్లారేసరికి ఇంట్లో ఉంటాడు. వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారన్నది ఈ ఊరి పిల్లలు రోజూ చూసే సంగతి. అందుకే ‘నాన్న ఓడెక్కాడు’ అంటే పూర్తిగా నమ్మి గుమ్మంలో కూర్చుంటారు. ఆపైన అమ్మ రైతుబజారుకి బయల్దేరినా కొంగు వదలరు.

మిగతా సర్దుబాటు మాటలూ అంతే. ‘నిద్రపోయాడు’ అంటే రాత్రి కళ్ళు మూయడానికి భయం. ‘మంచివాళ్ళని దేవుడు ముందే తీసుకుపోతాడు’ అంటే దేవుడి మీద కోపం, మంచిగా ఉండాలంటే బెదురు. ‘జబ్బు చేసి’ అని ఊరుకుంటే చెల్లి తుమ్మినా వణికిపోతారు.

చెప్పాల్సింది ‘చనిపోయారు’ అనే. పిల్లకి బాగా దగ్గరైన పెద్దవాళ్ళే చెప్పాలి. చుట్టాలతో ఇల్లు నిండకముందు, శరీరాన్ని ఇంటికి తెచ్చేలోపు, ఓ పక్క గదిలో కూర్చోబెట్టుకుని చెప్పాలి. మాటలు ఇంచుమించు ఇలా ఉండొచ్చు: “కన్నా, బాధపడే విషయం ఒకటి చెప్పాలి. తాతయ్య ఇవాళ పొద్దున చనిపోయారు. గుండెకి చాలా పెద్ద జబ్బు వచ్చింది, నీకొచ్చే జలుబు, జ్వరం లాంటిది కాదు. డాక్టర్లు ఎంత చూసినా గుండె ఆగిపోయింది. చనిపోయినవాళ్ళకి ఊపిరి ఆడదు, ఆకలి వెయ్యదు, నొప్పి తెలియదు. మళ్ళీ లేచి రారు.” ఇక ఆగిపోండి. పిల్ల ఏడవకుండా బొమ్మలు తెచ్చుకుని ఆడుకుంటే ‘దీనికేం తెలుసు’ అనకండి. ఈ వయసులో దుఃఖం ఒక్కసారిగా రాదు. కాసేపు ఆట, కాసేపు ఏడుపు. ‘దేవుడి దగ్గరున్నారు’, ‘చుక్కయ్యారు’ అన్నవి మీ నమ్మకమైతే చెప్పండి, కానీ శరీరం సంగతి అర్థమైన తర్వాతే.

చావు మళ్ళీ మారనిదని అయిదేళ్ళ లోపు పిల్లలకు అందదు. “మామ్మ ఎప్పుడొస్తాది?” అని రోజూ అడుగుతారు. అవే మాటల్లో అదే జవాబు చెప్పాలి. విసుగొచ్చి జవాబు మార్చారో, మళ్ళీ మొదటికి వస్తుంది. కొంచెం పెద్ద పిల్లలు ఎక్కువగా అడగనే అడగరు, మనసులో మాత్రం మూడు ప్రశ్నలుంటాయి: నా వల్లేనా? నువ్వూ చచ్చిపోతావా? అప్పుడు నన్నెవరు చూస్తారు? అడగకపోయినా జవాబివ్వండి. “నువ్వు అల్లరి చేసినందుకో, కోపంలో ఏదో అన్నందుకో ఇలా జరగలేదు.” “నేను చాలా ఏళ్ళు ఉంటాననే అనుకుంటున్నాను. ఒకవేళ నాకేదైనా అయితే పిన్ని, బాబాయి నిన్ను చూసుకుంటారు.” ‘నేనెప్పటికీ చావను’ అని ఒట్టు పెట్టొద్దు.

శ్మశానానికి తీసుకెళ్ళాలా అన్నది ఇంటింటికీ మారుతుంది. వస్తానన్న పిల్లకి అక్కడ కనబడేదంతా ముందే చెప్పండి: తాతయ్య కదలరు, ముట్టుకుంటే చల్లగా ఉంటారు, అందరూ గట్టిగా ఏడుస్తారు, కట్టెల మీద పెట్టి నిప్పు పెడతారు. ‘కాలితే నొప్పి పుట్టదా?’ అన్న ప్రశ్న తప్పక వస్తుంది. నొప్పి తెలియదన్న మాట ముందే చెప్పి ఉండటం ఇక్కడ పనికొస్తుంది. ఖననం చేసే కుటుంబాల్లో ‘మట్టి కింద ఊపిరి ఎలా’ అంటారు, జవాబు అదే. పిల్లని కనిపెట్టుకోవడానికే ఒక మనిషిని పెట్టండి, మధ్యలో ఇంటికి వెళ్దామంటే వెంటనే తీసుకొచ్చేందుకు. తండ్రి పోయిన ఆరేళ్ళవాడి చేత బలవంతంగా తలకొరివి పెట్టించడం మాకు సమ్మతం కాదు. వాడి తరఫున దగ్గరివాళ్ళు దర్భ పుచ్చుకుని కర్మ జరిపించే పద్ధతి ఉంది, పురోహితుల్ని అడగండి.

పెద్దలు అసలు పట్టించుకోనిది ఆ తర్వాతి పది పన్నెండు రోజులు. చాలా ఇళ్ళల్లో కర్మ చేసే నాన్నని పెద్దకర్మ దాకా తాకనివ్వరు. తాతయ్య పోయిన వారంలోనే పిల్లకి నాన్న ఒడి కూడా పోతుంది. దగ్గరికెళ్తే ‘ముట్టుకోకు’ అని నలుగురూ గదమాయిస్తారు. తానేదో తప్పు చేశాననుకుంటుంది, లేదా నాన్నకీ అదే జబ్బు వచ్చిందనుకుంటుంది. మడి సడలించమని మేం చెప్పడం లేదు (సడలించినా మాకు సంతోషమే). కారణం చెప్పండి: “ఇది తాతయ్య కోసం నాన్న చేసే పూజ, ఫలానా రోజుతో అయిపోతుంది.” క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీసి, గడిచిన రోజునల్లా పిల్ల చేతే కొట్టేయించండి. నాన్న రోజూ పది నిమిషాలు ఎదురుగా కూర్చుని, తాకకుండానే, కబుర్లు చెప్పాలి. కాకికి పిండం పెట్టినప్పుడు ‘తాత కాకయ్యాడా?’ అంటే, ‘తాతని తలుచుకుంటూ పెడతాం’ అంటే చాలు.

అన్నం, స్నానం, పడక వేళలు ఎప్పటిలాగే ఉండాలి. వేళలు తప్పిన ఇంట్లో పిల్లల బెంగ రెట్టింపవుతుంది. పక్కింట్లో వదిలేయాల్సి వస్తే కొన్ని గంటలకే, ఎప్పుడు తీసుకొస్తారో చెప్పి. మీకు ఏడుపొస్తే బాత్రూములో దాక్కోవద్దు. “తాత గుర్తొచ్చారు, అందుకే ఏడుస్తున్నాను. కాసేపటికి తగ్గుతుంది” అంటే, ఏడవడం తప్పు కాదని పిల్లకీ తెలుస్తుంది. పక్క తడపడం, వేలు చీకడం, కడుపునొప్పి కొన్ని వారాలు ఉండొచ్చు. తిట్టకుండా పరుపు మీద రబ్బరు షీటు వెయ్యండి. కడుపునొప్పి ఆగకపోతే డాక్టరుకి చూపించండి, అన్నీ బెంగే కానక్కర్లేదు.

ఇంకో సంగతి, వీధి చివరి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. పిల్ల రోజూ స్కూలుకెళ్ళే దారిలో నాన్న ముఖం ఉన్న ఫ్లెక్సీ సముద్రపు గాలికి చిరిగి వేలాడుతూ ఉంటుంది. పెద్దకర్మ మర్నాడే విప్పించండి. శవం ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవద్దని చుట్టాలకు గట్టిగా చెప్పండి.

బడికి పంపే ముందు క్లాసు టీచరుకి విషయం తెలియాలి. మిగతా పిల్లలకు ఏం చెప్పాలో మీ పిల్లనే అడగండి. మొదటి రెండు రోజులు సగం పూట చాలు. ఏడుపొస్తే బయటికెళ్ళేందుకు టీచరుతో ఓ సైగ అనుకోవాలి. టీచర్లకు మా విన్నపం: ‘మీ నాన్న సంతకం తీసుకురా’ అనే ముందు ఆ ఏడాది క్లాసులో ఎవరింట్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి.

‘నేనూ నాన్న దగ్గరికి వెళ్తా’ అన్న మాట చిన్నపిల్లల నోట చాలాసార్లు కలవాలన్న కోరికే. కసరకుండా ‘ఎలా వెళ్తావమ్మా?’ అని అడగండి. ఆ మాట మళ్ళీమళ్ళీ వస్తున్నా, తనను తాను గాయపరుచుకుంటున్నా, నెల దాటినా తిండి, నిద్ర, బడి కుదుటపడకపోయినా ఆలస్యం చెయ్యకండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్ల కోసమే కాదు, ఆ పిల్లని ఓదార్చలేక అలిసిపోయిన తల్లి తన కోసమైనా చెయ్యొచ్చు.

– పిల్లల మానసిక ఆరోగ్య సలహాదారులు, విశాఖపట్నం