కార్న్‌ఫ్లవర్ విత్తనాలు ఎప్పుడు వెయ్యాలె

అక్కలకు, అన్నలకు నమస్తే. కార్న్‌ఫ్లవర్ అంటే మక్కపిండి కాదు, నీలం పూలు పూసే మొక్క. దాని విత్తనాల ప్యాకెట్ మీద మార్చి, ఏప్రిల్‌ల వెయ్యాలె అని ఉంటే అది మంచు కురిసే దేశాల లెక్క. అక్కడ చలి తగ్గేటప్పుడు వేస్తరు, లేదంటే సెప్టెంబర్‌ల వేస్తే చిన్న మొక్కలు మంచును తట్టుకొని ఎండాకాలం మొదట్లనే పూస్తయి. మన పాలమూరుల మార్చిల వెయ్యకున్రి. నేను ఒకసారి వేసిన, జానెడు కూడా ఎదగలే, ఆకుల కొసలు ఎండి కాగితంలాగ గలగలమన్నయి. పాణం ఉసూరుమన్నది.

దీపావళి దాటినంక, నవంబర్‌ల వెయ్యున్రి. అర అంగుళం లోతుల పెట్టి మట్టి పూర్తిగ కప్పాలె, వెలుతురు తగిలితే సరిగ మొలవది. నారు పీకి నాటకున్రి, వేరు కదిలితే ఓర్చుకోదు. కుండీలనే నేరుగ వెయ్యున్రి. ఆ నీలం చూస్తే బతుకమ్మల పేర్చే కట్లపువ్వు యాదికొస్తది. విత్తనాలు కావాల్నంటే చెప్పున్రి, నా దగ్గర గుప్పెడు ఉన్నయి.